బండి ఆపేశారు సరే, బ్రేకు కొలతలేవి?

పాత కారొకటి బాగుచేయిస్తున్నానని చెబితే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "మైలేజీ ఎంతిస్తుంది?" రెండో ప్రశ్న: "అమ్మితే ఎంతొస్తుంది?" కాస్త అభిరుచి ఉన్నవాళ్ళైతే రంగు గురించి, సీటు కవర్ల గురించి, ముందు గ్రిల్లు మెరుపు గురించి అడుగుతారు. ఇప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరు కూడా "బ్రేకులు పడుతున్నాయా?" అని అడగలేదు. పడతాయిలే అని నమ్మకం కాబోలు.

నన్నడిగితే పాత కారు పనిలో అసలు కష్టం ఇంజను కాదు, రంగు అంతకన్నా కాదు. ఇంజనుకి ఏదైనా తక్కువైతే బండి కదలదు, ఇంట్లో కూర్చుంటాం. బ్రేకుకి తక్కువైతే బండి ఆగదు. ఆ తక్కువేంటో కూడా ముందు తెలియదు, ఎదురుగా గేదె వచ్చినప్పుడు తెలుస్తుంది. తీరా చూస్తే దొరకడం అన్నిటికన్నా కష్టమైనవి ఆ బ్రేకు సామాన్లే. అరచేతిలో ఇమిడే వీల్ సిలిండరు, వేలెడంత స్ప్రింగు, చిటికెడంత రబ్బరు వాషరు... వీటి కోసం నేను తిరిగిన తిరుగుడుకి పెట్రోలు ఖర్చు రాసుకుంటే ఇంకో పాత కారు వచ్చేది.

కాబట్టి నా వాదన ముందే చెప్పేస్తాను. ఒక కారుకి విడిభాగాలివ్వడం మానేసిన కంపెనీ, కనీసం బ్రేకుల కొలతలూ డ్రాయింగులూ జనం ముందు పెట్టాలి. అడిగితే ఇవ్వడం కాదు, అడక్కుండానే. ఎందుకో చెప్పాలంటే కాస్త కొలతల్లోకీ మరల్లోకీ దిగాలి. మనం రోజూ హార్డ్‌వేర్ వాళ్ళ మీద జోకులేసుకునే జాతి కదా, ఈ ఒక్కసారికి ఓపిక పట్టండి.

బండి సంగతి క్లుప్తంగా. మా పెద్దబాపుది, 1986 మోడల్ అంబాసిడర్, మార్క్ 4. భైంసాలో ఆయనకి పత్తి అడ్తి దుకాణం ఉండేది. సీజన్లో యార్డుకీ జిన్నింగు మిల్లుకీ, సీజన్ లేనప్పుడు బాసరకీ నాందేడుకీ, పెళ్ళిళ్ళకీ చావులకీ అదే బండి. తొమ్మిది మంది ఎక్కిన రోజులు నాకు తెలుసు. పెద్దబాపు పోయాక షెడ్డులో పడి ఉంది. పడి ఉండడమంటే ఇంజనుకి పెద్ద లోటేం లేదు. బ్రేకు గొట్టాలకి మాత్రం అదే శాపం. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణముంది. వాడని బండిలో ఆ తేమ అడుగున చేరి సిలిండరు లోపలి గోడని తుప్పుతో గుంటలు పెట్టేస్తుంది. మా బండి చక్రాలు విప్పితే పిస్టన్లు సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి.

"అంబాసిడరేగా, ప్రతి ఊళ్ళో దొరుకుతాయి సామాన్లు" అంటారు చాలామంది. అక్కడే ఉంది తిరకాసు. ఇంగ్లండులో 1950లలో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్ కారుని తెచ్చి, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ అని పేరుపెట్టి, 2014 దాకా తయారుచేశారు. యాభై ఏళ్ళకి పైగా పైన చొక్కా మారలేదు. లోపల మాత్రం మార్క్ 1, 2, 3, 4, నోవా, ఇసుజు ఇంజను బండి, గ్రాండ్ - ఇలా మారుతూనే పోయింది. బ్రేకులూ మారాయి. ఆఖరి దశలో ముందు చక్రాలకి డిస్కులు కూడా వచ్చాయి. దుకాణంలో డబ్బా మీద మాత్రం "అంబాసిడర్ వీల్ సిలిండర్" అని ఒకటే పేరు! పేరు ఒకటి, వెర్షన్లు పది, చేంజ్ లాగ్ లేదు. అలాంటి ప్రాజెక్టు మీ చేతికొస్తే మేనేజరుని ఏమంటారో నాకు తెలుసు.

మా భైంసా ఉస్తాద్ మొదటి రోజే తేల్చేశాడు. "తమ్మీ, గివి దొర్కయి. దొర్కినా అస్లీ మాల్ ఉండది. మారుతివి ఏసేద్దాం, మంచిగ నడుస్తది."

నడుస్తది నిజమే ఉస్తాద్, నాక్కావాల్సింది ఆగడం కదా అన్నాను. నవ్వాడు. "నల్వై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న. నా చేతిల పడ్డ బండి ఒక్కటన్న ఆగకుంట పోయిందా?"

పోలేదు, ఒప్పుకుంటాను. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. అనుమానం ఆ "ఏసేద్దాం" మీద. కార్బురేటరులో జెట్టు మార్చి సర్దుకోవచ్చు, సైలెన్సరుకి అతుకు వేయొచ్చు, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టొచ్చు. మన దేశంలో సగం బండ్లు అలాగే బతుకుతున్నాయి, నాకేం అభ్యంతరం లేదు. బ్రేకుల దగ్గర ఆ అడ్జస్ట్‌మెంటు ఎందుకు పనికిరాదో రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది మరలు. అంటే నట్టు మీది గాట్లు. బ్రిటిష్ వాళ్ళ పాత కొలత విట్‌వర్త్ కుటుంబం, గాటు కోణం 55 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బోల్టు ఇంగ్లండు నట్టులో పట్టక నానా యాతన పడి, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒక ఉమ్మడి ప్రమాణం పెట్టుకున్నాయి. అదే యూనిఫైడ్, కోణం 60 డిగ్రీలు. అందులో సన్న గాట్ల రకం యూఎన్ఎఫ్. మోరిస్ వారసత్వం కాబట్టి అంబాసిడర్ బ్రేకు గొట్టాల నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. మా బండిలోవి 3/8 అంగుళం, అంగుళానికి 24 గాట్లు. మారుతి లాంటి జపాన్ సంతతి బండ్లవి మిల్లీమీటర్లు: 10 మిల్లీమీటర్ల లావు, 1 మిల్లీమీటరు గాటు.

ఇప్పుడు లెక్కేయండి. 3/8 అంగుళం అంటే 9.525 మిల్లీమీటర్లు. అంగుళానికి 24 గాట్లంటే గాటుకీ గాటుకీ మధ్య 1.058 మిల్లీమీటర్లు. అంటే అంబాసిడర్ గొట్టం నట్టుని మారుతి సిలిండరు రంధ్రంలో పెట్టి తిప్పితే ఎంచక్కా ఎక్కుతుంది! బిగుస్తుంది కూడా. చేతికి ఏ తేడా తెలియదు. లోపల మాత్రం గాటు పట్టాల్సినంతలో దాదాపు సగమే పట్టుకుని ఉంటుంది. కంపైలర్ ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ కూడా ఇవ్వదు, రన్‌టైములో క్రాష్ అవుతుంది. ఇక్కడ క్రాష్ అంటే నిజంగా క్రాషే.

ఎంత ఒత్తిడి మీద? పాదంతో 30 కిలోల బలం వేశామనుకోండి. పెడలు మీట దాన్ని అయిదింతలు చేస్తే 150 కిలోలు. మాస్టర్ సిలిండరు బోరు 7/8 అంగుళమైతే దాని వైశాల్యం 3.9 చదరపు సెంటీమీటర్లు. అంటే గొట్టంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 38 కిలోల పైచిలుకు. టైర్లో గాలి ఒత్తిడి రెండు కిలోలు, దానికి దాదాపు ఇరవై రెట్లు. ఇది మామూలుగా తొక్కితే. ఎవరైనా అడ్డమొస్తే ప్రాణభయంతో రెండు కాళ్ళతో తొక్కుతాం కదా, అప్పుడు ఆ సగం గాట్లు తేలిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే.

అన్నట్టు పాత బండ్లలో మాస్టర్ సిలిండరు ఒకే గదిది. నాలుగు చక్రాలకీ అదే ఆయిలు. ఒక్క నట్టు దగ్గర కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అమెరికాలో 1968 నుంచే కార్లకి రెండు విడివిడి సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. మా మార్క్ 4లో అలాంటి బ్యాకప్ ఏమీ లేదు, హ్యాండ్‌బ్రేకూ అంజన్నస్వామీ తప్ప.

రెండో ఉదాహరణ సిలిండరు బోరు. నాందేడులో ఒకటి, నిజామాబాదులో ఒకటి, హైదరాబాద్ రాణిగంజ్‌లో ఒకటి - మూడు దుకాణాల్లో మూడు వెనక చక్రం సిలిండర్లు కొన్నాను. మూడు చోట్లా ఒకటే మాట, "సేమ్ టు సేమ్ సార్". పైకి మూడూ కవల పిల్లల్లా ఉన్నాయి. వెర్నియర్ పెట్టి కొలిస్తే రెండింటి బోరు 3/4 అంగుళం, మూడోది 7/8. తేడా ఎనిమిదో వంతు అంగుళం, అంతేగా అనిపిస్తుంది. కానీ బలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం బోరు వర్గాన్ని బట్టి. 49ని 36తో భాగించండి: 1.36. అంటే అదే పాదానికి వెనక చక్రం బ్రేకు 36 శాతం ఎక్కువ గట్టిగా పడుతుంది. గట్టిగా పడితే మంచిదేగా అంటారా? కాదు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. తేలికైన చక్రం మీద బ్రేకు ఎక్కువైతే ఆ చక్రం ముందే బిగుసుకుపోతుంది. వాన పడ్డ రోడ్డు మీద వెనకభాగం పక్కకి తిరుగుతుంది. మనం అడ్డంగా పడుకున్న బండ్లని చూసి "స్పీడుగా వెళ్ళుంటాడు" అనుకుంటాం. అన్నిసార్లూ స్పీడే కారణం కాకపోవచ్చు. ఒక పక్క పాతదుంచి ఇంకో పక్క ఇలాంటి కొత్తదేస్తే ఇంకా సొగసు, బండి ఒక పక్కకి లాగేస్తుంది.

దుకాణందారులని తిట్టి లాభం లేదు. ఆయనకి డబ్బా మీద రాసింది తప్ప ఏమీ తెలియదు. డబ్బా చేసినవాడికి తన చేతికొచ్చిన ఒక పాత నమూనా తప్ప ఏమీ తెలియదు. ఆ నమూనా ఏ మార్క్‌దో, ఎంత అరిగిందో, ఎవరికీ తెలియదు. అసలు డ్రాయింగు ఎక్కడో బీరువాలో ఉంది, లేదా తుక్కులో పోయింది.

2014 మన రంగం వాళ్ళకి ఇంకో రకంగా గుర్తుండాలి. ఆ ఏడాది ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆగిపోయింది. సరిగ్గా నెలన్నర తర్వాత, మే 24న, ఉత్తర్‌పారా కార్ఖానాలో పని నిలిపేస్తున్నట్టు నోటీసు పెట్టారు. ఎక్స్‌పీకి ఫలానా తేదీన సపోర్టు పోతుందని ఏళ్ళ ముందునుంచే చెప్పారు. బ్యాంకులూ ఆసుపత్రులూ ఏడుస్తూనైనా సర్దుకున్నాయి. అంబాసిడర్‌కి అలాంటి తేదీ ఏదీ లేదు. ఒక ఉదయం గేటు మూసుకుంది. 2017లో అంబాసిడర్ అనే పేరుని ప్యూజో వాళ్ళకి 80 కోట్లకి అమ్మారు. పేరుకి 80 కోట్లు పలికింది. వీల్ సిలిండరు డ్రాయింగుకి 80 రూపాయలు కూడా పలకదు, నిజమే. పలకని దాన్ని దాచుకుని ఏం లాభం? ఉచితంగా ఇచ్చేయొచ్చుగా!

ఇలా ఇచ్చేయడం మన రంగంలో కొత్తేం కాదు. డూమ్ ఆట సోర్స్ కోడుని 1997లో దాన్ని రాసినవాళ్ళే బయటపెట్టారు. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజరు కోడుని వదిలేసింది, దాని వంశంలోంచే ఫైర్‌ఫాక్స్ పుట్టింది. వ్యాపారపు ఆయుష్షు తీరిపోయిన వస్తువుని వాడేవాళ్ళ చేతికి వదిలేయడం పరువు తక్కువేం కాదు. ఆటకే ఆ మర్యాద దక్కినప్పుడు మనిషి ప్రాణం మోసే బ్రేకుకి దక్కకూడదా?

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. కొన్ని మా టీములో వాళ్ళే అన్నారు, కాఫీ దగ్గర.

"డ్రాయింగులిస్తే ప్రతి సందులోవాడూ నాసిరకం సామాను చేసి, ఏదైనా అయితే కంపెనీ మీద పడేస్తాడు." సందులోవాడు ఇప్పుడు చేయడం లేదా? చేస్తున్నాడు, డ్రాయింగు లేకుండా చేస్తున్నాడు, 3/4కి బదులు 7/8 కొట్టి "సేమ్ టు సేమ్" అంటున్నాడు. డ్రాయింగు ఉంటే కనీసం కొనేవాడికి కొలిచి చూసుకునే ఆధారం ఉంటుంది.

"అది మేధోసంపత్తి." ఏ సంపత్తి? ఈ డ్రమ్ము బ్రేకుల మూలాలు ఇంగ్లండువి, లాక్‌హీడ్, గిర్లింగ్ అనే ఇద్దరు బ్రేకుల దిగ్గజాలవి. మన దగ్గర గిర్లింగ్ బ్రేకులు చేయడానికి టీవీఎస్ వాళ్ళు లూకాస్‌తో కలిసి 1962లో చెన్నైలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. పేటెంటు ఆయుష్షు 20 ఏళ్ళు. 1950లనాటి సిలిండరులో ఇంకా దాచాల్సిన రహస్యం ఏముంటుంది చెప్పండి? చందమామ కథలో మాంత్రికుడి ప్రాణమా ఏమన్నానా!

"పాత బండ్లు పొగ బండ్లు, తుక్కుకి పంపాలి." ఇది మాత్రం బరువైన మాటే. నేను కొట్టిపారేయను. కానీ ప్రభుత్వం లెక్కే చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు, తర్వాత పరీక్ష పాసైతే అయిదేళ్ళకోసారి పొడిగింపు. అంటే నడపొచ్చనే కదా చట్టం అంటోంది. మరోపక్క 2021 జులైలో వింటేజ్ బండ్లకి కొత్త నిబంధనలు తెచ్చారు. 50 ఏళ్ళు నిండి, అసలు రూపంలో ఉంటే వింటేజ్ హోదా. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ప్లేటు. చాలా సంతోషం. 15 ఏళ్ళకి తుక్కు అనుమానం, 50 ఏళ్ళకి వారసత్వ గౌరవం. మధ్యలో 35 ఏళ్ళు ఆ బండి ఏ బ్రేకులతో బతకాలి? అసలు రూపం చెడకుండా ఉంచమంటారు, అసలు రూపమేంటో చెప్పే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వరు. మా బండికి 50 నిండేది 2036లో. అప్పటిదాకా అది ఎవరి బిడ్డా కాదు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. మంచి మొదలే. అయితే దాని ధ్యాసంతా ఇప్పుడు అమ్ముతున్న వస్తువుల మీద. కంపెనీ చేతులెత్తేసిన వస్తువు సంగతి చూసేవాడే లేడు. ఐరోపాలో 2021 మార్చి నుంచి, బట్టలుతికే మిషను మోడలు ఆపేశాక కూడా పదేళ్ళపాటు విడిభాగాలివ్వాలని నియమం పెట్టారు. బట్టలుతికే మిషనుకి!

ఇన్నాళ్ళూ ఈ ఇబ్బంది బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. పాత కార్ల సరదా ఉన్నవాళ్ళం మనమేదో గొప్ప అనుకుంటాం గానీ, మన సరదాకి ఇన్నేళ్ళూ సబ్సిడీ ఇచ్చింది టాక్సీ డ్రైవర్లు. కలకత్తాలో వేల అంబాసిడర్ టాక్సీలు, బొంబాయిలో వేల పద్మినీలు రోజంతా బ్రేకులు తొక్కుతూ తిరిగాయి కాబట్టే లైనింగులూ వాషర్ కిట్లూ చేసేవాడికి గిట్టుబాటైంది. బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది, ఇరవై ఏళ్ళ గడువు తీరి 2023 అక్టోబరుతో సెలవు తీసుకుంది. కలకత్తా పసుపు టాక్సీలు కూడా 15 ఏళ్ళ పరిమితి వల్ల ఏటేటా తగ్గిపోతున్నాయి. అవి పోయాక వీల్ సిలిండరు కిట్టు ఎవరికోసం చేస్తారు? ఆదివారం పూట బయటికి తీసే నాలాంటి నలుగురి కోసమా?

ఇంక మిగిలింది ఉస్తాద్‌లు. నేను కంపెనీ కాగితాల గురించి ఇంత గొంతు చించుకుంటున్నాను గానీ, ఇవాళ్టికి అసలు డాక్యుమెంటేషన్ మొత్తం వాళ్ళ వేళ్ళలోనే ఉంది. మా ఉస్తాద్ పాత సిలిండరులో చూపుడువేలు పెట్టి "ముప్పావు" అని చెప్పేస్తాడు, తర్వాత వెర్నియర్ పెడితే అంతే వస్తుంది. రబ్బరు వాషరుని గోటితో నొక్కి అది ఎన్నేళ్ళు దుకాణంలో మూలిగిందో చెబుతాడు. 'కొత్త పాత స్టాకు' అని మురిసిపోయి కొనే రబ్బరు సామాను చాలావరకు ఎందుకూ పనికిరాదు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఈ విద్య ఆయన ఎక్కడా రాయలేదు. కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. మన ఆఫీసుల్లో ఒకడు రాజీనామా చేస్తే నెలరోజులు కేటీ అని కూర్చోబెట్టి స్క్రీన్ రికార్డింగులు కూడా తీస్తాం. ఈయనకి కేటీ ఎవరిస్తారు, ఎవరు తీసుకుంటారు?

అయితే ఆయన దగ్గర నేను ఒప్పుకోని అలవాట్లు రెండున్నాయి, అవి భైంసాలోనే కాదు, అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి. ఒకటి, బ్రేకు సామాన్లని పెట్రోలులోనో కిరసనాయిలులోనో కడగడం. బ్రేక్ ఆయిల్‌కి సరిపడే రబ్బరు పెట్రోలు నూనెలు తగిలితే ఉబ్బిపోతుంది. ఉబ్బిన వాషరు సిలిండరులో బిగుసుకుని బ్రేకు వదలదు. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, లేదా స్పిరిటుతో. రెండోది, డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టడం. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత పలకరిస్తుంది. తడిబట్టతో తుడిస్తే సరిపోయేదానికి, ఉస్తాద్ పక్కన పానాలందించే పద్నాలుగేళ్ళ పిల్లాడు ఆ పొగమబ్బులో నిలబడి ఉంటాడు. (పద్నాలుగేళ్ళ పిల్లాడు అక్కడెందుకున్నాడన్నది ఇంకో గొడవ.)

మా బండి పని ఎలా సాగిందో చెబితే మీలో ఎవరికైనా పనికిరావచ్చు. పాత సిలిండర్లు పారేయలేదు. అసలైనవి అవే కాబట్టి వాటినే బాలానగర్‌లో ఒక లేత్ షాపులో బోరు చేయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించి, మళ్ళీ సరిగ్గా 3/4కి తెప్పించాం. గుంటలు పడ్డ గోడకి ఇదొక్కటే మందు. ఊరికే ఎమరీ కాగితంతో రుద్దితే బోరు పెరుగుతుంది, ఆయిలు కారుతుంది. షూలకి కొత్త లైనింగు ఆస్‌బెస్టాస్ లేనిది అడిగి మరీ అతికించాం. డ్రమ్ములు లేత్ మీద చాలా పలచగా టర్నింగు కొట్టించాం, నాలుగూ ఒకే కొలతకి. నట్లు పాతవే. గొట్టాలు మాత్రం కొత్తవి, 3/16 అంగుళం. వాషర్ కిట్లు విజయవాడ ఆటోనగర్‌లో ఈమధ్య తయారైనవి దొరికాయి. ప్యాకెట్ మీద తేదీ చూసి మరీ కొన్నాం. ఆయిలు సీలు విప్పని కొత్త డబ్బా. డాట్ 3 ఆయిలు కొత్తలో 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 140 డిగ్రీలకే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడలు నేలకంటుతుంది.

ఆ 140 డిగ్రీలు రావడం ఎంత సులభమో తెలుసా? మనుషులతో కలిపి 1,500 కిలోల బండిని 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే పుట్టే వేడి, లీటరు పైచిలుకు చన్నీళ్ళని మరిగించడానికి చాలు. అదే 40 మీద అయితే అందులో నాలుగో వంతే. మా పెద్దబాపు రోజుల్లో నలభై యాభై దాటితే గొప్ప, ఉస్తాద్ నలభై ఏళ్ళ రికార్డు వెనక ఆ వేగం కూడా ఉంది. ఇప్పుడు నిర్మల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే వెనక లారీవాడే మనల్ని ఎనభైకి తోస్తాడు. అదే ఆదిలాబాద్ వైపు మహబూబ్ ఘాట్ పాత రోడ్డు దిగుతుంటే మలుపు మలుపుకీ పెడలు తొక్కాలి. రెండో గేరులో దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి దిగకండి - ఇది మాత్రం మా పెద్దబాపు చెప్పిందే, ఏ డ్రాయింగులోనూ లేదు.

ఈ క్రమంలో నేను చేసిన పనల్లా ఒక ఎక్సెల్ షీటు. విప్పిన ప్రతి ముక్కకీ కొలత: బోరు, నట్టు లావు, గాట్ల లెక్క, హోజ్ పైపు పొడవు, డ్రమ్ము లోపలి వ్యాసం, లైనింగు మందం, రిటర్న్ స్ప్రింగు చుట్లు, తీగ మందం. కంపెనీ ఇవ్వాల్సిన కాగితం రెండు పేజీలకి మించదని అది నింపాకే తెలిసింది. ఉస్తాద్ దాని ప్రింటు ఒకటి అడిగి తీసుకుని, షట్టరు లోపలివైపు అంటించుకున్నాడు. అంకెల పక్కన ఉర్దూలో తన గుర్తులేవో రాసుకున్నాడు. రెండు చోట్ల నా అంకెలు కొట్టేసి తనవి రాశాడు. మళ్ళీ కొలవాలి, చూడాలి ఎవరిది కరెక్టో.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. వెనక ఎడమ చక్రం షూ అడ్జస్టర్. పాతదాని గాట్లు తినేశాయి, లేత్ వాడు చేసిచ్చినది ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది. పుత్లీబౌలీలో ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకటే పేరు చెప్పారు: కలకత్తా మల్లిక్ బజార్. వచ్చే నెల క్లయింటు పని మీద రెండ్రోజులు అక్కడికే వెళ్ళాలి. లాప్‌టాప్ బ్యాగులో ఛార్జరు పక్కన వెర్నియర్ ఇప్పుడే పెట్టేశాను. విమానాశ్రయంలో సెక్యూరిటీ వాళ్ళు దాన్ని చూసి ఏమంటారో తెలియదు.